ఐఎస్‌ఓ ఎక్సర్‌సైజ్ చేసిన ఏడాదే 401కె డబ్బు తీస్తే ఏఎంటీ పెరుగుతుందా?

చిరుజల్లు:

అందరికీ నమస్కారం. పది రోజులుగా ఈ ఏఎంటీ (ఆల్టర్నేటివ్ మినిమమ్ ట్యాక్స్, అమెరికాలో మామూలు పన్నుతో పోల్చి చూసే రెండో పన్ను లెక్క) లెక్క బుర్రకెక్కక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

మేం వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటాం, స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు. నా జీతం, మావారి జీతం కలిపి 2025లో 230,000 డాలర్లు అవుతుంది. ఇద్దరం కలిపే ఫైల్ చేస్తాం, పెద్దగా డిడక్షన్లేమీ లేవు కాబట్టి స్టాండర్డ్ డిడక్షనే (ఆదాయంలోంచి తీసేసే స్థిర మొత్తం) తీసుకుంటాం. మార్చిలో మా కంపెనీ ఇచ్చిన ఐఎస్‌ఓలు (ముందే ఖాయం చేసిన ధరకి కంపెనీ షేర్లు కొనుక్కునే ఆప్షన్లు) ఎక్సర్‌సైజ్ చేశాను, అంటే ఆ ధర కట్టి షేర్లు తీసుకున్నాను. నేను కట్టింది 40,000, ఆ రోజు ఆ షేర్ల మార్కెట్ విలువ 160,000, అంటే స్ప్రెడ్ 120,000. ఒక్క షేరు కూడా అమ్మలేదు. ఏడాది దాటాక అమ్మితే లాంగ్ టర్మ్ గెయిన్ అవుతుందని అట్టే పెట్టుకున్నాను.

ఇప్పుడు ట్యాక్స్ సాఫ్ట్‌వేర్‌లో అంకెలు వేసి చూస్తే ఏఎంటీ కిందే ఇరవై వేలు దాటి అదనంగా కట్టాలని చూపిస్తోంది. అంత డబ్బు బ్యాంకులో లేదు, దాచుకున్నదంతా ఆప్షన్లకే పెట్టేశాం. మావారి పాత కంపెనీ 401కెలో (ఉద్యోగుల రిటైర్‌మెంట్ పొదుపు ఖాతా) డబ్బు ఉంది, అది ట్రెడిషనల్ (తీసినప్పుడు పన్ను పడేది), రోత్ (ముందే పన్ను కట్టి వేసేది) కాదు. అందులోంచి 60,000 తీసేస్తే ఏఎంటీ కట్టేయొచ్చు, మిగిలిన దాంతో ఇంటి పైకప్పు బాగు చేయించొచ్చు అని ఆయన అంటున్నారు. ఆయనకు 43, నాకు 41. కాబట్టి వయసు రాకముందే తీస్తున్నందుకు 10 శాతం పెనాల్టీ పడుతుందని తెలుసు.

నాకు అర్థం కానిదేంటంటే, ఈ 60,000ని ఏఎంటీ లెక్కలో ఎలా చూస్తారు? ఒక వెబ్‌సైట్‌లో రిటైర్‌మెంట్ అకౌంట్ నుంచి తీసే డబ్బు వల్లే చాలామందికి ఏఎంటీ పడుతుందని రాశారు. మా ఆఫీసులో ఒకాయనేమో దానికీ దీనికీ సంబంధమే లేదు, పైగా తీస్తే ఏఎంటీ తగ్గుతుంది అంటున్నారు. ఎవరిది నిజం? ఇంకొకటి, ఆ 10 శాతం పెనాల్టీ కూడా పన్నే కదా, అది కట్టినందుకు ఏఎంటీలో ఏమైనా తగ్గిస్తారా?

నీలిమేఘం:

మీ ఆఫీసాయన చెప్పింది కరెక్టేనండి. ఏఎంటీ లెక్కేసే ఫారం 6251 చూడండి, అందులో ఐఎస్‌ఓకి విడిగా ఒక లైను ఉంది, స్టేట్ ట్యాక్స్ డిడక్షన్‌కి ఒకటి ఉంది, ప్రైవేట్ యాక్టివిటీ బాండ్ల వడ్డీకి ఒకటి ఉంది, కానీ ఐఆర్‌ఏ (సొంతంగా తెరిచే రిటైర్‌మెంట్ ఖాతా), 401కె విత్‌డ్రాయల్‌కి లైనే లేదు. అది మామూలు ఆదాయం, అంతే. ఏఎంటీ అంటే రెగ్యులర్ ట్యాక్స్ కంటే ఇంకో పద్ధతిలో ఎంత ఎక్కువైతే అంత అదనంగా కట్టడం. మీరు డబ్బు తీస్తే రెగ్యులర్ ట్యాక్స్ పెరుగుతుంది, తేడా తగ్గుతుంది, కాబట్టి ఏఎంటీ తగ్గుతుంది. ధైర్యంగా తీసుకోండి.

పద్దులవాడు:

నీలిమేఘం గారూ, మొదటి సగం నిజమే, రెండో సగం మాత్రం ఈమె విషయంలో తప్పండి. ఆ మాట నమ్మి డబ్బు తీస్తే ఏప్రిల్‌లో ఇబ్బంది పడతారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఏఎంటీని రెండు పద్దులుగా అనుకోండి. ఒకటి రెగ్యులర్ పద్దు, ఇంకోటి ఏఎంటీ పద్దు. రెండిట్లో ఏది ఎక్కువైతే అది కడతాం. ట్రెడిషనల్ 401కె నుంచి తీసిన ప్రతి డాలరూ రెండు పద్దుల్లోనూ ఒకేలా పడుతుంది, ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేకపోవడం ఉండదు. ఐఎస్‌ఓ స్ప్రెడ్ అలా కాదు, అది ఏఎంటీ పద్దులో మాత్రమే పడుతుంది, అందుకే మీకు ఏఎంటీ వచ్చింది. కాబట్టి విత్‌డ్రాయల్ దానంతట అది ఏఎంటీ పుట్టించే వస్తువు కాదు. కానీ ఆ డాలరు మీద ఏ పద్దులో ఎంత రేటు పడుతుందన్నదే అసలు సంగతి. ఏఎంటీలో రెండే రేట్లు, 26, 28. రెగ్యులర్‌లో మీరున్న బ్రాకెట్ (ఆదాయాన్ని బట్టి పడే పన్ను రేటు మెట్టు) 22, ఇంకొంచెం పైకి పోతే 24. అంటే మీరు తీసే డబ్బు వల్ల రెగ్యులర్ పద్దు 22, 24 శాతం చొప్పున పెరుగుతుంటే ఏఎంటీ పద్దు 26, 28 చొప్పున పెరుగుతుంది. తేడా తగ్గదు, పెరుగుతుంది! నీలిమేఘం గారు చెప్పింది 32, 35, 37 బ్రాకెట్లలో ఉన్నవాళ్లకి వర్తిస్తుంది, వాళ్లకి నిజంగానే ఏఎంటీ తగ్గుతుంది.

మీ అంకెలతోనే చూద్దాం, 2025 పట్టికలు వాడాను.

డబ్బు తీయకపోతే: 230,000లోంచి స్టాండర్డ్ డిడక్షన్ 31,500 పోతే 198,500. దానిమీద రెగ్యులర్ ట్యాక్స్ 33,498. ఏఎంటీ పద్దులో స్టాండర్డ్ డిడక్షన్ ఒప్పుకోరు, కాబట్టి 230,000కి స్ప్రెడ్ 120,000 కలిపితే 350,000. అందులోంచి జంటకిచ్చే ఎగ్జెంప్షన్ (ఏఎంటీ లెక్కలో పన్ను పడని మొత్తం) 137,000 తీసేస్తే 213,000, దానిమీద 26 శాతం అంటే 55,380. రెండిటికీ తేడా 21,882, అదే మీ ఏఎంటీ. మీ సాఫ్ట్‌వేర్ చూపించింది కూడా దాదాపు ఇదే అయి ఉండాలి.

60,000 తీస్తే: రెగ్యులర్ ట్యాక్స్ 47,734 అవుతుంది. ఏఎంటీ పద్దులో 410,000లోంచి 137,000 పోతే 273,000. ఇందులో 239,100 వరకే 26 శాతం, ఆ పైన 28, మొత్తం 71,658. తేడా 23,924. అంటే ఏఎంటీ రెండు వేల డాలర్లకు పైగా పెరిగింది. మొత్తం మీద ఆ 60,000 తీసినందుకు మీరు అదనంగా కట్టేది 16,278, అంటే 27 శాతం పైన.

ఇప్పుడు పెనాల్టీ. 10 శాతం అంటే 6,000, అది ఈ లెక్క మొత్తానికి బయట ఉంటుంది. ఏఎంటీతో పోల్చి చూసే రెగ్యులర్ ట్యాక్స్‌లో దాన్ని కలపరు, చట్టంలోనే విడగొట్టి పెట్టారు. కాబట్టి పెనాల్టీ కట్టానని ఏఎంటీలో ఒక్క డాలరు కూడా తగ్గదు. రెండూ పూర్తిగా కట్టాల్సిందే. 16,278కి 6,000 కలిపితే 22,278. ప్లాన్ వాళ్లు తప్పనిసరిగా 20 శాతం పట్టుకుని 48,000 పంపిస్తారు, అది చూసి అంతా మనదే అనుకుంటాం, కానీ అసలు మిగిలేది 37,722. అందులోంచి 21,882 పాత ఏఎంటీకి పోతే పైకప్పుకి మిగిలేది పదహారు వేలలోపు. ముప్పై ఏళ్లు పెరగాల్సిన అరవై వేలు పోగొట్టుకుని చివరికి పదహారు వేల రిపేరా? నాకైతే మనసొప్పదు.

మీరు భయపడాల్సిన పనిలేని విషయం ఒకటుంది. విత్‌డ్రాయల్ వల్ల మీ ఎగ్జెంప్షన్ కరగదు. 2025లో జంటకి 1,252,700 దాటాకే, ఒక్కరికైతే 626,350 దాటాకే ఎగ్జెంప్షన్ తగ్గడం మొదలవుతుంది. మీరు దాని దరిదాపుల్లో కూడా లేరు.

చిరుజల్లు:

చాలా థాంక్సండీ, ఇంత ఓపిగ్గా రాశారు. మావారికి కూడా చదివి వినిపించాను, 48,000లో మనది ఎంతో ఆయన కూడా అనుకోలేదు. మరి వచ్చే ఏడాది తీస్తే? అప్పుడు ఐఎస్‌ఓ ఉండదు కదా. ఈ ఏడాది కట్టిన ఏఎంటీ క్రెడిట్‌గా తిరిగొస్తుందని, 401కె తీస్తే ఆ క్రెడిట్ త్వరగా వస్తుందని కూడా ఎక్కడో చదివాను.

పద్దులవాడు:

క్రెడిట్ వస్తుందన్నది నిజం. ఐఎస్‌ఓ వల్ల పడిన ఏఎంటీ అడ్వాన్స్‌గా కట్టినట్టే, ఫారం 8801 మీద తర్వాతి ఏళ్లకి మోసుకెళ్తారు. రెగ్యులర్ పద్దు ఏఎంటీ పద్దు కంటే ఎంత ఎక్కువుంటే ఏటా అంత వెనక్కి తీసుకోవచ్చు. స్టేట్ ట్యాక్స్, స్టాండర్డ్ డిడక్షన్ లాంటివాటి వల్ల పడిన ఏఎంటీకి ఈ క్రెడిట్ రాదు, కానీ మీ కేసులో లెక్కేసి చూశాను, మొత్తం ఐఎస్‌ఓ వల్లే.

401కె తీస్తే త్వరగా వస్తుందన్న మాట మాత్రం మళ్లీ బ్రాకెట్ మీదే ఆధారపడుతుంది. లెక్క తేలిక కోసం ఇవే జీతాలు, ఇవే పట్టికలు వచ్చే ఏడాదికీ అనుకుందాం. ఏమీ తీయకపోతే రెగ్యులర్ 33,498, ఏఎంటీ పద్దు 24,180, తేడా 9,318 మీకు వెనక్కి వస్తుంది. 60,000 తీస్తే రెగ్యులర్ 47,734, ఏఎంటీ పద్దు 39,780, వెనక్కి వచ్చేది 7,954 మాత్రమే. 1,364 తగ్గిపోయింది, కారణం మళ్లీ అదే, 22, 24 కంటే 26 ఎక్కువ. క్రెడిట్ ఖర్చయ్యేదాకా మీ జేబులోంచి పోయే అసలు రేటు 26 శాతమే అనుకోవాలి, 22 కాదు. చాలామంది సలహాదారులు కూడా ఇది చెప్పరు, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో బ్రాకెట్ 22 అని కనిపిస్తుంది కదా.

అయితే ఆ 1,364 పోలేదు, క్రెడిట్‌గానే మిగిలి తర్వాతి ఏళ్లకి వెళ్తుంది. పెనాల్టీ 6,000 మాత్రం పోయినట్టే, ఏ ఫారం మీదా తిరిగి రాదు. నా అభ్యంతరమంతా దానిమీదే.

విశ్రాంత_ఉద్యోగి:

అమ్మా, నాకు 74 ఏళ్లు, న్యూజెర్సీలో ఉంటాను. ఆ వెబ్‌సైట్‌లో రిటైర్‌మెంట్ డబ్బు తీస్తే ఏఎంటీ పడుతుందని ఎందుకు రాశారో నేను చెప్పగలను, ఎందుకంటే నాకు నిజంగానే పడింది. కానీ అది 2017 దాకా ఉన్న లోకం.

2017లో జంటకి ఎగ్జెంప్షన్ 84,500 మాత్రమే, అది కూడా ఆదాయం 160,900 దాటగానే కరగడం మొదలయ్యేది. దాటిన ప్రతి డాలరుకీ ఎగ్జెంప్షన్‌లో పావు డాలరు పోయేది. అంటే 26 శాతం కాస్తా 32.5 అయ్యేది, 28 కాస్తా 35 అయ్యేది. మా ఇంటావిడ అప్పటికి ఇంకా ఉద్యోగం చేస్తోంది, నేను రిటైరయ్యాను, ఐఆర్‌ఏలోంచి కొంత తీశాను. మా రాష్ట్రంలో ఇంటి పన్నూ, స్టేట్ ట్యాక్సూ భారీగా ఉంటాయి, అప్పట్లో వాటి డిడక్షన్‌కి పరిమితి లేదు, అదంతా ఏఎంటీ పద్దులో తిరిగి కలిపేసేవాళ్లు. బ్రాకెట్ చూసుకుని 28 శాతమే పోతుందనుకుని తీశాను, చివరికి 32.5 చొప్పున పోయింది. నా పన్ను లెక్కలు చూసినాయన ముందే చెప్పి ఉంటే ఆ డబ్బు రెండేళ్లకి విడగొట్టి తీసుకునేవాణ్ణి. కాబట్టి ఆ వ్యాసం రాసినవాళ్లు అబద్ధం చెప్పలేదు, పాత మాట చెప్పారు. విత్‌డ్రాయల్ ఏఎంటీ వస్తువు కాకపోయినా, ఆదాయాన్ని పెంచి ఎగ్జెంప్షన్‌ని తినేసేది.

2018 నుంచి లెక్క మారిపోయింది. జంటకి ఎగ్జెంప్షన్ 109,400కి పెరిగింది, కరగడం మిలియన్ డాలర్ల దగ్గరికి జరిగింది. స్టేట్ ట్యాక్స్ డిడక్షన్‌ని పదివేలకి కట్టేశారు కాబట్టి తిరిగి కలిపేది కూడా తగ్గింది. ఆ తర్వాత నాకు ఏఎంటీ అనేదే పడలేదు. పోయినేడాది నుంచి ఆర్‌ఎండీ (రిటైర్‌మెంట్ ఖాతా నుంచి ఏటా తీయాల్సిన కనీస మొత్తం) కూడా తప్పనిసరిగా తీస్తున్నాను, 73 నిండినవాళ్లు ఏటా తీయాల్సిందే కదా, 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్లకైతే 75. దానివల్ల కూడా ఏఎంటీ రాలేదు. మాలాంటి రిటైరైన మామూలు కుటుంబానికి ఇప్పుడు ఏఎంటీ కంటే మెడికేర్ (పెద్దవాళ్లకి ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియం పెరగడమే పెద్ద బెడద, రెండేళ్ల కిందటి ఆదాయం చూసి పెంచుతారు, ఒక్క ఏడాది ఎక్కువ తీసినా రెండేళ్ల తర్వాత తెలుస్తుంది.

2026 నుంచి మళ్లీ కొంచెం బిగించారు, ఇది పెద్ద మొత్తాలు రోత్‌కి మార్చాలనుకునేవాళ్లు గమనించాలి. జంటకి ఎగ్జెంప్షన్ 140,200 అయింది గానీ, కరగడం మళ్లీ మిలియన్ దగ్గరే మొదలవుతుంది, ఒక్కరికి అయిదు లక్షల దగ్గర. దాటిన డాలరుకి పావు కాదు, ఇప్పుడు అర డాలరు చొప్పున పోతుంది. అంటే ఆ మధ్యలో ఉన్నవాళ్లకి ఏఎంటీ పద్దులో 28 శాతం కాస్తా 42 అవుతుంది. అందరికీ కాదు, జీతం, ఐఆర్‌ఏ డబ్బు మాత్రమే ఉన్నవాళ్లకి ఆ స్థాయిలో రెగ్యులర్ ట్యాక్సే ఎక్కువ ఉంటుంది. స్టాక్ అమ్మిన లాంగ్ టర్మ్ గెయిన్లు గానీ, ఐఎస్‌ఓ స్ప్రెడ్ గానీ పెద్దగా ఉండి, దాని పైన ఐఆర్‌ఏ డబ్బు కూడా అదే ఏడాది తీస్తేనే చిక్కు.

అమ్మా, నువ్వు అడగలేదు గానీ, ఏవి రెండు పద్దుల్లోనూ పడవో కూడా తెలుసుకుని ఉంచుకో. రోత్ ఐఆర్‌ఏలో మీరు వేసిన అసలు డబ్బు ఎప్పుడైనా తీసుకోవచ్చు, పన్నూ లేదు పెనాల్టీ లేదు, ఏఎంటీలో కూడా కనిపించదు. షరతులన్నీ తీరిన రోత్ విత్‌డ్రాయల్ కూడా అంతే. ఇంకా మాలాంటివాళ్లకి, 70 ఏళ్ల ఆరు నెలలు దాటినవాళ్లకి, ఐఆర్‌ఏ నుంచి నేరుగా ధర్మసంస్థకి పంపే సౌకర్యం ఉంది, 2025లో మనిషికి 108,000 దాకా. అది ఆర్‌ఎండీ కింద లెక్కకొస్తుంది, కానీ ఆదాయంలో చేరదు, ఏఎంటీలో కూడా చేరదు. చేతికి తీసుకుని దానం చేస్తే ఆ లాభం ఉండదు, నేరుగా వెళ్లాలి. నేను మొదటి ఏడాది నుంచీ అలాగే చేస్తున్నాను.

బే_ఏరియా_శ్రీమతి:

మీ ఊళ్లో స్టేట్ ట్యాక్స్ లేదు కాబట్టి సరిపోయింది అక్కా. ఇది చదువుతున్న కాలిఫోర్నియావాళ్ల కోసం రాస్తున్నాను. మాకు రాష్ట్రం ఏఎంటీ కూడా విడిగా ఉంది, 7 శాతం. ఐఎస్‌ఓ స్ప్రెడ్ దాంట్లో కూడా పడుతుంది. 401కె ముందుగా తీస్తే ఫెడరల్ 10 శాతం కాక రాష్ట్రం పెనాల్టీ 2.5 శాతం. విత్‌డ్రాయల్ వల్ల పెరిగిన స్టేట్ ట్యాక్స్‌ని ఐటమైజ్ చేసి (ఖర్చులు విడివిడిగా చూపించి) డిడక్షన్ తీసుకుందామనుకుంటే, ఫెడరల్ ఏఎంటీలో అదంతా తిరిగి కలిపేస్తారు, అంటే ఏఎంటీ కట్టే ఏడాది ఆ డిడక్షన్ ఉన్నా లేనట్టే. మా తమ్ముడు సాఫ్ట్‌వేర్‌లో స్టేట్ పేజీ చివరిదాకా తెరవకుండా ఫెడరల్ మొత్తం చూసి డబ్బు తీసేశాడు, తర్వాత చాలా బాధపడ్డాడు. ముందు రెండూ నింపి చూడండి.

చలిమంట:

చిరుజల్లు గారూ, అందరూ 401కె గురించే చెబుతున్నారు, నేను వేరే సంగతి అడుగుతాను. మీ కంపెనీ షేరు ఇప్పుడు ఎంత ఉంది? మీది లిస్టెడ్ కంపెనీయేనా? ఎందుకు అడుగుతున్నానంటే, మీరు చేయబోతున్న పనే నేను కొన్నేళ్ల కిందట చేశాను. ఐఎస్‌ఓ ఎక్సర్‌సైజ్ చేశాను, ఏడాది ఆగి అమ్మితే పన్ను తక్కువని కూర్చున్నాను. డిసెంబర్ వెళ్లిపోయింది, షేరు పడిపోయింది, ఏఎంటీ మాత్రం ఎక్సర్‌సైజ్ రోజు ధర మీదే పడింది. చేతిలో లేని లాభానికి పన్ను కట్టడానికి 401కె తీశాను. ఆ రెండో నిర్ణయం గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది, ఎందుకంటే అక్టోబర్‌లో ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే రెండూ తప్పేవి.

ఆ మాట ఇదీ. ఎక్సర్‌సైజ్ చేసిన ఏడాదిలోనే, డిసెంబర్ 31 లోపు అమ్మేసిన షేర్లకి ఏఎంటీ సర్దుబాటు అసలు ఉండదు. లాభం మామూలు ఆదాయం కింద రెండు పద్దుల్లోనూ పడుతుంది, మీ 401కె డబ్బు లాగే. ధర పడిపోయి ఉంటే, ఎక్సర్‌సైజ్ రోజు స్ప్రెడ్ కాదు, అమ్మిన ధరకి మీరు కట్టినదానికి ఉన్న తేడా మీదే పన్ను. జనవరి 1 దాటిందంటే ఈ దారి మూసుకుపోతుంది.

చిరుజల్లు:

లిస్టెడ్ కంపెనీయేనండి. మార్చిలో 160,000 ఉన్నవి ఇవాళ 110,000 చిల్లర. లాంగ్ టర్మ్ పోతుందేమోనని అమ్మడం గురించి ఆలోచించనే లేదు. అన్నీ అమ్మేయాలా?

పద్దులవాడు:

చలిమంట గారు సరైన చోట పట్టుకున్నారు, నేను అడగాల్సింది అడగలేదు. లెక్క చెబుతాను, నిర్ణయం మీది.

విలువ సరిగ్గా 110,000 అనుకుంటే మొత్తం అమ్మితే అసలు లాభం 70,000. ఆదాయం 300,000, డిడక్షన్ పోగా 268,500, పన్ను 50,134. ఏఎంటీ పద్దు 42,380, తక్కువ కాబట్టి ఏఎంటీ సున్నా. ఏమీ అమ్మకపోతే మీరు కట్టేది 55,380 అని పైన చూశాం.

సగం అమ్మితే ఇంకా బాగుంటుంది చూడండి. సగానికి లాభం 35,000 మామూలు ఆదాయం, మిగతా సగానికి స్ప్రెడ్ 60,000 ఏఎంటీ పద్దులో ఉంటుంది. రెగ్యులర్ 41,734, ఏఎంటీ పద్దు 48,880, తేడా 7,146. మొత్తం 48,880 కడతారు, అందులో 7,146 తర్వాత క్రెడిట్‌గా తిరిగొస్తుంది. అమ్మినందుకు చేతికి 55,000 వస్తాయి. జీతాల మీద పడే 33,498 కంటే అదనంగా కట్టాల్సింది 15,382, అది ఈ డబ్బులోంచే పోతుంది, దాదాపు నలభై వేలు మిగులుతాయి. 401కె ముట్టుకోనక్కర్లేదు, పెనాల్టీ లేదు, పైకప్పు కూడా అవుతుంది. ఒకే కంపెనీ మీద పెట్టిన బరువు కూడా సగం దిగుతుంది, నా దృష్టిలో అది పన్నుకంటే పెద్ద విషయం.

జాగ్రత్తలు. ఇలా అమ్మితే కంపెనీ పన్ను పట్టుకోదు, డబ్ల్యూ-2లో (కంపెనీ ఏటా ఇచ్చే జీతం ఫారం) చూపిస్తుంది అంతే, కాబట్టి పన్ను డబ్బు వేరే ఖాతాలో పెట్టుకోండి. అమ్మిన రోజుకి ముందూ వెనకా 30 రోజుల్లో అదే షేరు కొనకండి, మీవారికి అమ్మకండి, అలా చేస్తే తగ్గిన లాభం మీదే పన్ను అన్న వెసులుబాటు పోతుంది, పాత స్ప్రెడ్ మీద పడుతుంది. కంపెనీలో ట్రేడింగ్ విండో ఎప్పుడు తెరుస్తారో ఇవాళే కనుక్కోండి, కొన్ని కంపెనీల్లో డిసెంబర్ మధ్యలో మూసేస్తారు.

ఇంకొకటి, టెన్షన్ తగ్గడానికి. మీ జీతాల్లోంచి ఈ ఏడాది పట్టుకున్న పన్ను పోయినేడాది మొత్తం పన్నులో 110 శాతానికి తగ్గకపోతే, ఎంత ఏఎంటీ వచ్చినా తక్కువ కట్టారన్న పెనాల్టీ వేయరు. మిగతాది 2026 ఏప్రిల్ 15 లోపు కట్టేస్తే చాలు. అంటే ఇప్పటికిప్పుడు డబ్బు పుట్టించాల్సిన పని లేదు.

ఏ కారణంతోనైనా షేర్లు అమ్మలేకపోతే, విత్‌డ్రా కంటే లోను మేలు. పాత కంపెనీ ప్లాన్ మామూలుగా మాజీ ఉద్యోగులకి లోను ఇవ్వదు. మీవారి ఇప్పటి కంపెనీ ప్లాన్‌కి ఆ డబ్బు నేరుగా బదిలీ చేసుకుని, ఆ ప్లాన్ లోను ఇచ్చేదైతే, బ్యాలెన్స్‌లో సగం దాకా, గరిష్ఠంగా 50,000 తీసుకోవచ్చు. అది ఆదాయం కాదు, ఏ పద్దులోనూ పడదు. ఉద్యోగం మారితే మాత్రం బాకీ తీర్చాల్సి వస్తుంది, అది గుర్తుంచుకోండి.

నీలిమేఘం:

పద్దులవాడు గారూ, నేను నా 35 శాతం బ్రాకెట్ చూసుకుని అందరికీ అంతే అనుకున్నాను. చిరుజల్లు గారూ, తొందరపడి ధైర్యంగా తీసుకోండి అన్నందుకు క్షమించండి. నా పోస్టు అలాగే ఉంచుతున్నాను, కింద జవాబు చదివితే ఇంకొకరికి పనికొస్తుంది.

చిరుజల్లు:

పర్లేదండీ, మీరు ఆ మాట అనబట్టే ఇంత లెక్క బయటికొచ్చింది.

హెచ్‌ఆర్‌ని అడిగాను, మా ట్రేడింగ్ విండో వచ్చే వారం తెరుచుకుని డిసెంబర్ 12న మూసుకుంటుందట. ఇంకో సంగతి తెలిసింది, మా కంపెనీ స్టాక్ పర్చేజ్ ప్లాన్‌లో నా జీతంలోంచి నవంబర్ 15న ఆటోమేటిక్‌గా షేర్లు కొంటారు. పద్దులవాడు గారు 30 రోజుల మాట చెప్పకపోతే నాకు గుర్తే వచ్చేది కాదు. ఆ కొనుగోలు ఆపమని ఫారం పెట్టాను, ఆగినట్టు రాతపూర్వకంగా వచ్చాక సగం అమ్ముతాను. మావారు 401కె వాళ్లకి నింపిన విత్‌డ్రాయల్ ఫారం ఇంకా పంపలేదు, రాత్రి చించేశారు.

విశ్రాంత ఉద్యోగి గారూ, మా మామగారికి వచ్చే ఏడాది 73 నిండుతాయి, ఆయన గుడికి ఏటా చెక్కు రాసిస్తారు. ఐఆర్‌ఏ నుంచి నేరుగా పంపాలంటే మొదట ఎవరిని అడగాలి, బ్యాంకునా, గుడివాళ్లనా?

విశ్రాంత_ఉద్యోగి:

ఐఆర్‌ఏ ఉన్న సంస్థనే అడగమను అమ్మా, వాళ్ల దగ్గర దీనికి విడిగా ఫారం ఉంటుంది, చెక్కు గుడి పేరు మీదే రాయిస్తారు. గుడి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) గుర్తింపు ఉన్న సంస్థేనా అని ముందు చూసుకోమను, డబ్బు అందినట్టు రసీదు తీసుకోమను. ఆయనకి 70 ఏళ్ల ఆరు నెలలు ఎప్పుడో దాటాయి కాబట్టి 73 దాకా ఆగక్కర్లేదు, ఈ ఏడాదే మొదలుపెట్టొచ్చు. తర్వాత వచ్చే 1099-ఆర్ (రిటైర్‌మెంట్ ఖాతా నుంచి తీసిన డబ్బు చూపే ఫారం) మీద ఇది దానమని తెలిసేలా ఉండకపోవచ్చు, రిటర్న్ వేసేటప్పుడు మనమే ఆ మొత్తాన్ని ఆదాయంలోంచి మినహాయించి చూపించాలి. నేను మొదటిసారి అది మర్చిపోయి మళ్లీ సవరించిన రిటర్న్ వేయాల్సి వచ్చింది.